నాయిన మోకాలు

సుమన్ మోకాలు విరిగిన చప్పుడు గ్యాలరీలో చివరి మెట్టు మీద కూర్చున్నవాళ్లకు కూడా వినిపించిందట. ఎండిన కందికట్టె విరిచినట్టు ఒక్కసారి ఫట్‌మంది. పులిమడుగు జట్టు వెనక వరసలో ఆడే స్టాపర్ కనకరాజు రెండు కాళ్లూ ఎత్తి దూకాడు. బంతి కోసం కాదు, బంతి అప్పటికే వెళ్లిపోయింది. వాడి బూటు పక్కనుంచి తగిలింది, సుమన్ కాలు మోకాలి కింది నుంచి వేరే దిక్కుకు తిరిగిపోయింది. నేను మందుల సంచి పట్టుకుని పరుగెత్తేసరికి, అరుపు బయటికి రాకుండా గడ్డి పీకి నోట్లో కుక్కుకుంటున్నాడు.

"అక్కా, సూడకు. నువ్వు సూసినవంటే నీ మొఖంల నాకు తెలిసిపోతది," అన్నాడు గడ్డి ఉమ్మేసి.

చూడక తప్పుతుందా? అదే నా పని. నా పేరు స్వరూప. నల్లవాగు బొగ్గుగనుల ఫుట్‌బాల్ జట్టుకు ఫిజియోథెరపిస్టును. ఎవరిని చూసినా ముఖం కంటే ముందు నడక గుర్తుపెట్టుకునే అలవాటు నాది. సుమన్ నడక నాకు బాగా ఇష్టం. వాడు మైదానంలో కుడిపక్క గీత వెంట పరుగెత్తుతుంటే నేల మీద కాలు ఆనినట్టే ఉండేది కాదు. ఇప్పుడు ఆ కాలు నా ఒళ్లో వేలాడుతోంది.

నాకు ఇంకో పని కూడా ఉంది. కోచ్ యాకూబ్ సారు నా చేత ఒక నోటుబుక్కు రాయించేవాడు. ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలింది, ఎన్ని మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు, ఆ మ్యాచ్‌లు ఏమయ్యాయి, ఇవన్నీ అందులో ఉంటాయి. రెండేళ్లుగా అది ఒకే మాట చెబుతోంది. పదకొండు మందీ బాగున్న రోజుల్లో పదకొండు మ్యాచ్‌లు ఆడితే తొమ్మిది గెలిచాం. సుమన్ లేకుండా ఆడినవి ఆరు. ఐదు ఓడిపోయాం, ఆరోది వానకు ఆగిపోయింది.

ఆ సాయంత్రం యాకూబ్ సారు నోటుబుక్కు తిరగేసి, మూసి, నా వైపు చూశాడు. "సెమీఫైనల్ పన్నెండు రోజులుంది స్వరూపా. నాకు కొత్త ప్లేయర్లు వద్దమ్మా. కొత్త కాళ్లు కావాలె. యాడన్న దొరుకుతయా?"

ఆయన ఉత్త బాధతో అన్న మాట అది. దొరుకుతాయని చెప్పిన బుద్ధిలేనిదాన్ని నేనే.

*

పరాంకుశం డాక్టరుగారి ప్రయోగశాల అంటే గనుల ఆసుపత్రి వెనక ఉన్న పాత ఎక్స్‌రే గది. పొద్దునపూట నేను అక్కడ సహాయకురాలిని, సాయంత్రం గ్రౌండులో. గదిలో రెండు ఇనుప మంచాలు, రెంటి మీదుగా వంగిన ఒక రాగి కమాను, గోడకు ఒక మీట ఉంటాయి.

సారు ఈ యంత్రాన్ని ఫుట్‌బాల్ కోసం చేయలేదు. ఆసుపత్రి వరండాలో తల్లులు "నా బిడ్డ నొప్పి నాకియ్యి దేవుడా" అని ఏడవడం ముప్పయ్యేళ్లు విన్నాడు. వినీ వినీ ఆ నొప్పిని నిజంగానే ఇవ్వగల యంత్రం చేశాడు. కిందటేడు ఒక నాలుగేళ్ల పిల్ల చెయ్యి పిండిగిర్నీలో నలిగిపోతే, తల్లి పక్క మంచం మీద పడుకుంది. పావుగంటలో పిల్ల లేచి ఐదు వేళ్లూ ఆడించింది. తల్లి చెయ్యి మణికట్టు దాకా నుజ్జయింది. ఆ తల్లి నవ్వుతూ ఇంటికి వెళ్లింది. ఆరు నెలల తర్వాత పిల్ల మళ్లీ వచ్చింది, బలపం పట్టుకుంటే మణికట్టు గుంజుతోందని. ఇరవయ్యేళ్లు ఊళ్లోవాళ్ల బట్టలుతికిన మణికట్టు కదా, గుంజదూ? నేనే ఆ పిల్లకు కట్టు కట్టాను. అప్పుడైనా నాకు జ్ఞానం రావాల్సింది.

సుమన్ వాళ్ల నాయిన ఓదెలు మామ మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. చెవుల వెనక బొగ్గు ఇంకా అలాగే ఉంది. గనిలో టింబర్‌మన్ ఆయన. పైకప్పు కూలకుండా మోకాళ్ల మీద కూర్చుని కర్రదిమ్మెలు నిలబెట్టే పని. ఆయన్ని మామా అని పిలవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, మా క్వార్టర్లు ఒకే వరుసలో ఉండేవి.

"ఓదెలూ, జాగ్రత్తగా విను," అన్నాడు డాక్టరుగారు. "ఒంట్లో ప్రతి కీలుకూ ఒక నక్ష, ఒక పటం ఉంటుంది. ఎముకా కండా నరమూ ఆ నక్ష చూసుకునే నిలబడతాయి. ఈ యంత్రం రెండు నక్షల్ని అటు ఇటు మారుస్తుంది. రక్తసంబంధం ఉంటేనే పనిచేస్తుంది. దెబ్బ మాయం కాదు, ఇల్లు మారుతుంది. కాలు పొడుగు, లావు ఎవరివి వాళ్లవే. కీలు వయసు, అరుగుదల మాత్రం అవతలివాళ్లవి వస్తాయి. ఒక కీలు ఒక్కసారే మాట వింటుంది. మళ్లీ వెనక్కి మార్చబోతే కుళ్లిపోతుంది, మేకల్లో చూశాం."

"అంటే వాని మోకాలు నాకొస్తది, నాది వానికి పోతది. గంతేనా సారూ?"

"అంతే. కానీ..."

"కానీ లేదు గీనీ లేదు. ఏ మంచం?"

సుమన్ అప్పటికే రెండో మంచం మీద ఉన్నాడు. "వద్దు నాయినా. ఆర్నెల్లయితే నాది నాకే అతుక్కుంటది. ఆడకపోతే ఆడకపోతి."

"ఆర్నెల్లు బయట కూసుంటే నిన్నెవడు యాది పెట్టుకుంటడురా? మూసుకోని పండుకో."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రంటే ఇలా ఉండాలి అనుకున్నాను. మనసులో ఆయనకు దండం కూడా పెట్టాను.

మీట గుంజాను. కమాను సన్నగా మోగింది. కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఓదెలు మామ మోకాలు దానంతటదే కదిలింది. ఎవరూ ముట్టుకోలేదు. చిప్ప చర్మం కింద పక్కకు జరిగింది, లోపలి నుంచి ఎవరో గుద్దుతున్నట్టు ఉబ్బింది, పగిలింది. మైదానంలో విన్న చప్పుడే మళ్లీ వినిపించింది, ఈసారి నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా. మామ మంచం పట్టీని పట్టుకున్నాడు. ఇనుప పట్టీ వంగింది. ఆయన నోటినుంచి వచ్చింది మనిషి అరుపులా లేదు. పక్క మంచం మీద సుమన్ కాలు తిన్నగా అవుతుంటే, వాడు రెండు చేతులతో చెవులు మూసుకుని "ఆపుండ్రి, ఆపుండ్రి" అని ఏడ్చాడు. పావుగంట ఆపడం కుదరదు. సగంలో ఆపితే ఇద్దరివీ పోతాయి.

పావుగంట తర్వాత సుమన్ లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేశాడు. వాడి కుడికాలు కొంచెం దూరంగా పడుతోంది, మడమ ముందు ఆనుతోంది. అది ఓదెలు మామ నడక.

*

సెమీఫైనల్ గెలిచాం. యాకూబ్ సారు నన్ను ఎత్తి తిప్పినంత పని చేశాడు. కానీ నేను బంతిని చూడలేదు, సుమన్ కాలునే చూశాను. గీత వెంట వాడి పరుగు పోయింది. ముప్పై మూడేళ్లు బొగ్గుపొరల మధ్య కుదించుకుని కూర్చున్న మోకాలు అది. బరువు మోస్తుంది, తోస్తుంది, తంతుంది. ఉరకమంటే మాత్రం ఉరకదు.

కోచ్ తెలివైనవాడు. సుమన్‌ను ముందు వరస నుంచి తీసి వెనక స్టాపర్‌గా పెట్టాడు. ఒకప్పుడు తన్నులు తప్పించుకునేవాడు ఇప్పుడు తన్నేవాడయ్యాడు.

సుమన్ ఒక్కడితో ఆగితే బాగుండేది. గోల్‌కీపర్ మల్లేశ్ వేళ్లు విరిగితే వాళ్ల అక్క లస్మి వచ్చి పడుకుంది. బీడీలు చుట్టి ఇల్లు నడిపే మనిషి. మల్లేశ్‌కు ఆమె వేళ్ల కీళ్లు వచ్చాయి, పదేళ్ల వయసు నుంచీ ఆకు మడిచి వాచిన కీళ్లు. బంతి పట్టుకుంటే జారిపోయేది. తర్వాత ఇంకొకడి చీలమండకు వాళ్ల అన్న, మరొకడి భుజానికి వాళ్లమ్మ. నెల తిరిగేసరికి మా జట్టులో ఒక్కరికీ దెబ్బ లేదు. నా నోటుబుక్కులో ఆ వరస ఖాళీ. గోల్స్ వరస కూడా దాదాపు ఖాళీ. జోరుగా ఆడి గెలిచే జట్టు పోయి, అవతలివాళ్లను విరిచి గెలిచే జట్టు తయారైంది.

ఎందుకు విరవరు? విరిగితే పెట్టుకోవడానికి ఇంట్లో ఇంకో శరీరం ఉందని తెలిశాక ఎవడికి భయం? ఫైనల్ ఇంకా దూరముండగానే, వేరే పోటీలో పులిమడుగుతో ఆడిన లీగ్ మ్యాచ్‌లో సుమన్, కనకరాజు తమ్ముడు జలపతి మీదికి వెళ్లాడు. జలపతి చిన్నవాడు, బక్కగా ఉంటాడు. సుమన్ బంతిని తాకనే లేదు. పిక్కెముక మధ్యలో విరిగి చర్మం చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది. సాక్సు నిండా రక్తం. జలపతి తన ఎముకను తనే చేత్తో లోపలికి నొక్కుకోబోయాడు. కనకరాజు వచ్చి తమ్ముడి తల తన కడుపుకు అదుముకుని, సుమన్ వైపు చూశాడు. వాళ్లకు యంత్రం లేదు, విరిగిన కాలు విరిగినవాడిదే.

డ్రెస్సింగ్ రూములో సుమన్ బూట్లు విప్పుకుంటుంటే అడిగాను. "కావాలనే తన్నినవు కదరా?"

వాడు తలెత్తలేదు. "నాయిన మోకాలక్కా ఇది. ఇది తన్నుతాంటే నాకు నొప్పి తెలుస్తలేదు. అవతలోనికి ఎంత తెలుస్తదో నాకు అంతువడ్తలేదు."

నాకు ఒళ్లు మండింది. చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు, ఎందుకంటే ఆ మోకాలు వాడికి పెట్టిన చెయ్యి నాదే.

*

గని ఊళ్లలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మా కంపెనీలో కార్మికుడిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. రిటైర్‌మెంటుకు ఇంకా రెండేళ్లు ఉండగానే అనాలి. ఆ గడువు దాటిందా, ఇక ఇంట్లో ఉద్యోగం లేనట్టే. అందుకే మా ఊళ్లో నడివయసు మగవాళ్లు దేవుడికి మొక్కుకునేది ఆరోగ్యం కోసం కాదు. అన్‌ఫిట్ వచ్చిందంటే అది శుభవార్త, వాడకట్టంతా చక్కెర పంచుతారు.

ఓదెలు మామ గడువుకు ఇంకా ఎనిమిది నెలలుంది. ఆయన కర్రల మీద నడుస్తూ బోర్డు ముందుకు వెళ్లిన రోజు తోడుగా నేనూ వెళ్లాను. అంగీ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. అన్‌ఫిట్ దరఖాస్తు. తారీకు చూశాను. యంత్రం ఎక్కడానికి ముందురోజు నింపినది.

నేను దండం పెట్టిన త్యాగంలో సగం ఇదన్నమాట. కోపం రాలేదు, సిగ్గేసింది. ఆయన కొడుకు ఆటను, కొడుకు బతుకును ఒకే మోకాలితో నిలబెట్టాలనుకున్నాడు. దిమ్మెలు నిలబెట్టే మనిషికి అంతకంటే వేరే లెక్క ఎక్కడ తెలుస్తుంది?

బోర్డు డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. "వయసు యాభై ఏడా? ఎముక ఇరవైలో ఉన్నట్టుందే! చిప్ప పగిలింది, లిగమెంటు తెగింది. ఈ ఎముకకు అదెంత? ఆపరేషన్ చేస్తే ఆరు నెలల్లో గుర్రంలా నడుస్తావు. అదృష్టవంతుడివయ్యా. ఫిట్."

మామ కుర్చీలోంచి లేవలేదు. "సారూ, కాలిర్గింది సారూ. సూడుండ్రి, పక్కకు తిరిగున్నది."

"అతుక్కుంటుందని చెబుతున్నాగా. తర్వాతి వాళ్లను పిలవండి."

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో అన్నం తిన్నాను. సుమన్ వాళ్లమ్మ రాజవ్వత్త పప్పుచారు పోసింది. సుమన్ ప్రాక్టీసుకు వెళ్లాడు. మామ చాలాసేపు మెతుకులు కెలికాడు.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. ఏమిర్గితె మల్ల అతుక్కోదు?"

చదువుకున్నదాన్నే. పరీక్షలో అడిగినట్టు ఠక్కున చెప్పేశాను. "మెడ మామా. లేకపోతే వెన్నుపూస. లోపలి నరం తెగిందంటే ఎంత లేత ఎముకైనా లాభం లేదు."

"మెడ," అన్నాడాయన. అని పప్పుచారు కలుపుకున్నాడు.

రాజవ్వత్త గరిటె గిన్నెలో పడేసింది. "బువ్వ తినంగ గవేం ముచ్చట్లయ్యా!"



*

ఫైనల్ నల్లవాగులోనే. పులిమడుగుతో. గనులకు సగంపూట సెలవిచ్చారు, గ్యాలరీ కిటకిటలాడింది. ఓదెలు మామ గీత పక్కన ఇనుప కుర్చీలో, కర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అది ఆట కాదు. పదో నిమిషంలో మా హాఫ్‌బ్యాక్ పళ్లు రెండు గడ్డిలో పడ్డాయి. ఇరవైలో వాళ్ల వింగర్ కన్ను మూసుకుపోయింది. నేను మైదానంలోకి ఎన్నిసార్లు పరుగెత్తానో గుర్తులేదు. నా తెల్ల చొక్కా ఎరుపెక్కింది. రిఫరీ ఈల నోట్లోంచి తీసి పెదవుల రక్తం తుడుచుకున్నాడు, ఎవరి మోచెయ్యో ఆయనకూ తగిలింది. జనం "ఇరగ్గొట్టు, ఇరగ్గొట్టు" అని అరుస్తున్నారు. అరిచేవాళ్లలో మా ఆటగాళ్ల దెబ్బ మోస్తున్న ఇళ్లవాళ్లు కూడా ఉన్నారు.

విరామంలో స్కోరు సున్నా సున్నా. సుమన్ నీళ్లు తాగుతుంటే మామ దగ్గరికి పిలిచాడు. నేను పక్కనే వాడి నుదుటికి ప్లాస్టర్ అంటిస్తున్నాను.

"కార్నర్ వస్తే ముందటికి పో. కింద వడ్డ బాలుకైనా తల పెట్టు. కాలు వెట్టకు, తల పెట్టు. భయపడకు. నేనున్న."

సుమన్ నవ్వాడు. నాయిన ధైర్యం చెబుతున్నాడనుకున్నాడు. ఆ మాటకు అర్థం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "వద్దురా సుమన్" అనడానికి ఒక్క క్షణం చాలు. నేను అనలేదు. ఎందుకు అనలేదో నిజం చెబుతాను. నాకు కూడా ఆ మ్యాచ్ గెలవాలని ఉంది. నోటుబుక్కులో ఆఖరి గీత గెలుపుతో గీయాలని ఉంది. ఛీ, ఎంత నీచం!

ఎనభై మూడో నిమిషంలో కార్నర్ వచ్చింది. బంతి గుంపులో తగిలి గోలు ముందు మోకాలెత్తున పడుతోంది. సుమన్ నేలకు సమాంతరంగా దూకాడు, తల ముందుకు చాచి. కనకరాజు ఆ బంతిని తన్నడానికే కాలెత్తాడో, తమ్ముడి ఎముక గుర్తొచ్చి ఎత్తాడో ఆ పైవాడికే తెలియాలి. తల తగిలి బంతి గోల్లోకి పోయింది. బూటు తగిలి తల వెనక్కి మడుచుకుపోయింది.

గ్యాలరీ లేచి గంతులేసింది. గోలు కొట్టినవాడు లేవలేదని తెలియడానికి వాళ్లకు కొంతసేపు పట్టింది. సుమన్ మొహం గడ్డిలో ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. బూటు, సాక్సు లాగేసి కాలి బొటనవేలు గట్టిగా గిల్లి, తెలుస్తోందా అని అడిగాను.

"గిల్లుతున్నవా అక్కా?" అన్నాడు. "ఏ కాలు?"

మ్యాచ్ ఒకటి-సున్నాతో మాదే.

*

స్ట్రెచర్ ప్రయోగశాలకు చేరేసరికి ఓదెలు మామ అక్కడున్నాడు. యాకూబ్ సారు స్కూటర్ మీద తెచ్చాడట. అంగీ విప్పి, మంచం మీద వెల్లకిలా పడుకుని, రాగి కమాను కిందికి తనే జరిగాడు.

పరాంకుశం సారు మీటకు అడ్డంగా నిలబడ్డాడు. "మెడ ఎప్పుడూ మార్చలేదు. మేకల్లో కూడా చేయలేదు. ఇతను ఈ మంచం మీదే చచ్చిపోవచ్చు. నేను దీన్ని చేసింది ఇందుకు కాదు స్వరూపా!"

"పిల్లగాడు సస్తాండు సారూ," అన్నాడు మామ. "జెర్రంత పక్కకు జరుగుండ్రి."

సుమన్ పెదవులు నీలంగా మారుతున్నాయి. వాడు మాట్లాడాలని చూశాడు, ఊపిరి చాలలేదు. తల ఊపలేని మనిషి, వద్దని ఎలా చెబుతాడు? కళ్లు మాత్రం నా మీదే పెట్టాడు. వద్దంటున్నాయి ఆ కళ్లు. నాకు స్పష్టంగా తెలుసు.

అప్పుడే రాజవ్వత్త పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతులకు ఇంకా పిండి ఉంది. ఒక మంచం చూసింది, రెండో మంచం చూసింది. మొగుడి దగ్గరికి వెళ్లి, "నువ్వు అడుక్కున్నదే అయిందిగదయ్యా," అంది. తర్వాత నా ముందుకొచ్చి చెంప మీద ఈడ్చి కొట్టింది. నా చెవి గింగురుమంది.

"నువ్వే గదనే చెప్పినవు, మెడ అని," అంది. డాక్టరుగారిని భుజం పట్టి పక్కకు లాగింది. "గుంజు. ఇద్దర్ల ఒకన్నన్న నడిపియ్యి."

గుంజాను.

ఈసారి మామ అరవలేదు. అరవడానికి వీల్లేకుండా మొదట గొంతు దగ్గరే పట్టుకుంది. మెడ నరాలు తాళ్లలా లేచాయి, తల దానంతటదే వెనక్కి వంగింది, వంగాల్సిన చోటు దాటి ఇంకా వంగింది. వేళ్లు ఒక్కొక్కటిగా కొట్టుకుని, ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. రాజవ్వత్త ఆ చేతిని పట్టుకునే ఉంది. పావుగంటకు సుమన్ గట్టిగా ఊపిరి పీల్చి లేచి కూర్చున్నాడు. కిందికి దిగి, తండ్రి మంచం పట్టీకి తల బాదుకోబోతే నేనూ డాక్టరుగారూ కలిసి పట్టుకున్నాం.

మామ బతికాడు. ఊపిరి ఉంది, మాట ఉంది. మెడ కింద ఏమీ లేదు. ఆ రాగి కమానును మర్నాడు పొద్దున పరాంకుశం సారు సుత్తితో తనే ముక్కలు చేశాడు. నేను చూస్తూ నిలబడ్డాను. మరీ ఆలస్యంగా చేసిన పని.

*

బోర్డు ముందు మామకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అరికాలు మీద సూదితో గీశారు, సంతకం పెట్టారు.

"అన్‌ఫిట్టేనా సారూ?" అన్నాడు మామ స్ట్రెచర్ మీద నుంచి. "ఇంకోసారి చెప్పుండ్రి సారూ, మా ఇంటిది ఇన్లే."

ఆయన నవ్వాడు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికి పోగానే వాడకట్టులో చక్కెర పంచమన్నాడు. రాజవ్వత్త ఏడుస్తూనే పంచింది.

నెల తర్వాత సుమన్‌కు ఉద్యోగంలో చేరే ముందు వైద్యపరీక్ష. కొడుకు ఉద్యోగం కాగితం అందుకునేటప్పుడు అక్కడుండాలని మామ పట్టుబట్టాడు. వ్యాన్‌లో తీసుకొచ్చి బోర్డు గది బయట వరండాలో స్ట్రెచర్ దించాం. రాజవ్వత్త కొంగుతో ఈగలు తోలుతోంది. నేను సుమన్‌తో లోపలికి వెళ్లాను.

అదే డాక్టరు. గుంజీలు తీయమన్నాడు. సుమన్ ఆరు తీశాడు, ఏడోదానికి మోకాలు కటకటమంది. ఎక్స్‌రేలు వెలుగుకు పెట్టాడు. "నీ వయసెంత?"

"ఇరవై మూడు సార్."

"మోకాలు అరవైకి దగ్గరుంది. మెడపూసలు కూడా అరిగిపోయాయి. ఇలాంటి కీళ్లతో భూమి లోపల పనికి ఎలా తీసుకుంటాం? అన్‌ఫిట్."

నేను బల్ల మీద చెయ్యి కొట్టాను. "సార్, అవి వీళ్ల నాయినవి! మొన్నటిదాకా మీ గనిలోనే పనిచేశాయి!"

"పనిలో ఉన్నవాళ్లకు ఒక నిబంధన, కొత్తగా చేరేవాళ్లకు ఒక నిబంధన అమ్మా," అన్నాడాయన. కోపంగా కూడా కాదు. ఫైలు మూసి పక్కన పెట్టాడు.

బయటికొచ్చాం. మామ తల తిప్పలేడు కాబట్టి నేనే వెళ్లి ఆయన కళ్లకు ఎదురుగా నిలబడ్డాను. లోపల జరిగింది చెప్పాను. అబద్ధమాడదామనుకున్నాను కానీ ఆ ముఖం ముందు నావల్ల కాలేదు.

మామ పైకప్పు వైపు చూశాడు.

"ఏ మోకాలు?" అన్నాడు. "నాదేనా? గా మోకాలు ఏసుకోనే గదనే ముప్పై మూడేండ్లు దిగిన. మునుపు రెండుమాట్లు గీ గదిలకే వచ్చి, వాసింది సారూ, లేస్తలేదు సారూ అని కాళ్లు మొక్కిన. గట్టిగున్నది పో, పని చేసుకో అన్నరు. నా కాడున్నన్నాళ్లు మంచిగనే ఉండె. నా కొడుకు కాడికి పోంగనే చెడిపోయిందా? అడుగు బిడ్డా. లోపలికి పోయి అడుగు. నాకు కాళ్లు లెవ్వు, నువ్వన్న అడుగు."

నేను వెనక్కి తిరిగాను. గది తలుపుకు లోపలి నుంచి గడియ పడింది. ఆ రోజుకు పరీక్షలు అయిపోయాయని జవాను చెప్పాడు.

సుమన్ నన్ను పక్కకు నెట్టాడు. వాడి ముఖం మైదానంలో కూడా అలా చూడలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఆ కుడికాలితో తలుపును తన్నాడు. మొదటి తన్నుకు అద్దం పగిలింది. రెండో తన్నుకు చెక్క చీలింది. లోపల ఎవరో కేకలు వేశారు. జవాను ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు. స్ట్రెచర్ మీద నుంచి మామ, "ఏం సప్పుడే అది? స్వరూపా, ఏం సప్పుడు?" అని అడుగుతున్నాడు.

"నీ మోకాలే మామా," అన్నాను. సుమన్ మూడోసారి తన్నాడు. నేను ఆపలేదు.